గిరికి నౌకరి ఉందా, లేదా

ఆ సోమవారం పొద్దున రఘుపతి పెట్టుకున్న పని ఒక్కటే, ఫ్యాను జరిపించడం. ఉపాధి సహాయ కేంద్రానికి ఉన్నది ఒకే ఒక్క ఫ్యాను. బిగించిన మహానుభావుడెవరో గాని, దాన్ని ఆఫీసరు కుర్చీ మీద కాకుండా వచ్చిపోయేవాళ్ళు కూర్చునే బల్ల మీద బిగించి పోయాడు. బల్ల మీద మనిషి ఉన్నా లేకున్నా గాలి అక్కడే తిరుగుతుంది. ఆఫీసరు రఘుపతి మాత్రం గోడవారగా కూర్చుని, దస్తీతో మెడ తుడుచుకుంటూ, ఆ ఖాళీ బల్లను చూసి కుళ్ళుకుంటూ ఎండాకాలాలు వెళ్ళదీస్తున్నాడు. పైఆఫీసుకు రాసీ రాసీ చివరికి అనుమతి తెచ్చుకున్నాడు. కరెంటు పనిచేసే మారయ్య పదకొండింటికి వస్తానన్నాడు. అంతవరకు అంతా సవ్యంగానే ఉంది.

కేంద్రం ఉన్నది హాలియా పోయే దారిలో ఒక మండల కేంద్రంలో. ఊరి పేరు రాయడం లేదు. ఆ ఊళ్ళో పెళ్ళి కావలసిన మగపిల్లలు ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్ళ తల్లిదండ్రుల ఉసురు పోసుకోవడం నాకిష్టం లేదు.

అక్కడ పనిచేసేది ముగ్గురు. రఘుపతి పర్మనెంటు. ఊడ్చి, నీళ్ళు పట్టి, చాయ్ తెచ్చే బిక్షమ్మకు పంచాయతీ జీతమిస్తుంది. శైలజది అవుట్‌సోర్సింగ్. నిజం చెప్పాలంటే పనంతా ఆమెదే. ఏ మందుల ఫ్యాక్టరీలో మనుషులు కావాలి, ఏ దవాఖానలో నర్సులు మానేశారు, ఎవడు జీతం సరిగ్గా ఇస్తాడు, ఎవడు ఎగ్గొడతాడు, ఇదంతా ఆమె ఫోన్లు చేసి తెలుసుకుంటుంది. ఇంటర్వ్యూకు పోయే పిల్లలకు ఏ బస్సెక్కాలో చెబుతుంది, భయపడేవాళ్ళను తిట్టి మరీ పంపిస్తుంది. ఆమె కాంట్రాక్టును మాత్రం మూడు నెలలకోసారి పొడిగిస్తారు. ఆటో బోల్తాపడి కాలు విరిగిన భర్త పరశురాములు, బడికి పోయే కూతురు, ఆ మూడు నెలల మీదే బతుకుతున్నారు. మూడో నెల చివరికొచ్చిందంటే శైలజకు అన్నం సహించదు. ఇప్పుడు నడుస్తున్నది మూడో నెలే.

పదకొండింటికి మారయ్య రాలేదు. తెల్లకారు ఒకటి వచ్చింది. అందులోంచి భుజాన లాప్‌టాప్ సంచితో నిహారిక అనే అమ్మాయి దిగింది. సర్కారు సొమ్ము ఎక్కడ పెడితే ఎంత తిరిగొస్తోందో లెక్కగట్టే హైదరాబాదు సంస్థ ఆమెను పంపింది. మర్యాద తెలిసిన పిల్ల, కష్టపడే పిల్ల. కాకపోతే లెక్కను తప్ప మరి దేన్నీ నమ్మదు.

"ఈ కేంద్రం మీద ప్రభుత్వం ఒక రూపాయి ఖర్చు పెడుతోందనుకోండి సార్," అంది ఆమె కూర్చుంటూనే. "దానివల్ల జనం చేతికి ఎన్ని రూపాయలు వస్తున్నాయో చూడాలి. మీ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళ జీతాలన్నీ కలిపి, కేంద్రం ఖర్చుతో భాగిస్తాం. అంతే."

"మంచిగ చూడండి," అన్నాడు రఘుపతి. "కూసున్న జాగా బాగున్నది మీకు. గాలంతా గాడనే."

శైలజ కంప్యూటర్ మీదినుంచి తలెత్తింది. "రూపాయికి రూపాయన్న రాకపోతే ఏమైతది మేడం?"

"మూసేసి జిల్లా ఆఫీసులో కలిపేస్తారు. సార్‌కు ఇబ్బందేం లేదు, అక్కడికి బదిలీ అవుతుంది."

జిల్లా ఆఫీసులో ఏసీ ఉంది. రఘుపతికి ఆ చల్లదనం అప్పుడే ఒంటికి తగిలినట్టయింది. శైలజ సంగతి నిహారిక ఎత్తలేదు. అవుట్‌సోర్సింగ్ వాళ్ళకు బదిలీలుండవు, అందరికీ తెలిసిన విషయమే.

శైలజ భయపడింది గాని, మరీ అంతగా భయపడలేదు. తను పెట్టించిన నౌకరీలు తనకు తెలుసు. వాళ్ళందరికీ ఫోన్లు చేసి అడిగితే తేలిపోయేదేగా అనుకుంది. "మొదలు గిరికి చెయ్యండి మేడం," అంది. "మందుల ఫ్యాక్టరీల నేనే పెట్టిచ్చిన. మొదటి జీతం పడ్డనాడు వచ్చి అందరికి జిలేబీలు పంచిపోయిండు."

గిరి పేరు నమోదు చేసుకున్నప్పుడు వాడికి సొంత ఫోను లేదు. రాసిన నంబరు తండ్రి ఐలేశంది. ఐలేశం గొర్రెలు కాచుకుంటూ ఎక్కడో గుట్టవారన ఉన్నాడు. నిహారిక స్పీకరు పెట్టింది.

"ఐలేశం గారా? ప్రభుత్వం తరఫున మాట్లాడుతున్నామండీ. మీ అబ్బాయి గిరికి ఉద్యోగం ఉందా?"

అవతల గొర్రెలు అరుస్తున్నాయి.

"ఏం నౌకరి మేడం," అన్నాడు ఐలేశం, గొంతులో లోకంలోని దిగులంతా నింపుకొని. "గొర్ల ఎంబడి తిరుగుతుండు."

"నెలకు ఆదాయం ఏమైనా..."

"ఆదాయమా. ఉల్టా మేమే వానికి పెడుతున్నం."

ఫోను పెట్టేశాడు. జిలేబీలు తిన్న రఘుపతి, బిక్షమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిహారిక కంప్యూటర్లో 'లేదు' అని కొట్టి, తర్వాతి నంబరు కలిపింది.

అది గ్లోరీది. శైలజ చెప్పిన దవాఖానలోనే నర్సుగా చేరిన పిల్ల. "నాకు నౌకరేం లేదు మేడం, ఇంట్లనే ఉంటున్న," అంది గ్లోరీ. "మల్ల చెయ్యండి జర, పేషెంటుకు సెలైన్ ఎక్కిస్తున్న." నిహారిక మళ్ళీ 'లేదు' అని కొట్టింది. ఆ తర్వాత విజేందర్ అనే కుర్రాడు తాను పని దొరక్క మంచం మీద పడుకుని ఉన్నానన్నాడు. వాడి వెనక ఎవరో "చౌటుప్పల్, చౌటుప్పల్, ఎక్కాలె జల్ది" అని అరుస్తున్నారు, బస్సు హారన్ మోగుతోంది. టికెట్టు మీద రావలసిన చిల్లర ఎవరో అడిగారు, వాడు ఇచ్చాడు కూడా.

ఈ జనాన్ని అబద్ధాలకోరులని తిట్టుకునే ముందు ఒక సంగతి ఆలోచించాలి. ముక్కూ మొహం తెలియని గొంతు సర్కారు పేరు చెప్పి, జీతమెంత అని అడిగితే ఇక్కడ ఎవరికైనా ముందు గుర్తొచ్చేది రేషన్ కార్డు. ఆ తర్వాత ఇంట్లో అవ్వకు వచ్చే పింఛను. ఆదాయం ఉందని ఒప్పుకుని బాగుపడినవాణ్ణి ఈ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. లేదన్నవాడికి నష్టం జరగడమూ చూడలేదు. అందుకని ఆ ప్రశ్నకు 'లేదు' అనేది అబద్ధం కిందికి రాదు, అదొక అలవాటు.

సాయంత్రానికి లెక్క తేలింది. రూపాయికి నాలుగు పైసలు. ఆ నాలుగు పైసలూ కూడా పట్టపగలే తాగి ఉన్న ఒకాయన నిజం చెప్పేయడం వల్ల వచ్చినవి.

"ఇంకా ఒక విడత ఉంది," అంది నిహారిక, శైలజ మొహం చూడలేక. "గురువారం మళ్ళీ వస్తాను. జాబితాలో ఉన్నా లేకున్నా, ఎవరైనా ఇక్కడికే వచ్చి ఎదురుగా చెబితే, చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాను. నేనిప్పుడే మూసేయమని రాయను."

ఈలోపు బిక్షమ్మ చాయ్ తేవడానికి బస్టాండు పక్క హోటల్‌కు పోయింది. ఆమె నోట్లో మాట దాగదని ఊరందరికీ తెలుసు, ఆమె కూడా దాచిపెట్టే ప్రయత్నం ఎన్నడూ చేయలేదు. ఫ్లాస్కు నింపించుకుంటూ, పొద్దటి నుంచి జరిగిన తమాషా అంతా హోటలాయనకు చెప్పింది. "గొర్లోళ్ళ ఐలేశం ఉన్నడు సూడు, ఆయన కొడుక్కు నౌకరి గీకరి ఏం లేదని, మేమే సాదుతున్నమని ఫోన్ల జెప్పిండు. నేను చెవులార ఇన్న," అని పగలబడి నవ్వింది. వాడికి నౌకరి ఉందన్న ముక్క చెప్పకపోవడానికి కారణం, అది అందరికీ తెలిసిందే కదా అని.

అందరికీ తెలిసినా, బల్ల చివర కూర్చుని చాయ్ తాగుతున్న లింగస్వామికి అది విన్నమాటే తప్ప చూసింది కాదు. లింగస్వామిది తిరుమలగిరి. తన మేనకోడలు భాగ్యలక్ష్మిని ఇదే గిరికి ఇస్తామని మాటిచ్చాడు. వచ్చే ఆదివారం పూలుపండ్లు పెట్టుకుని సంబంధం ఖాయం చేసుకోవాలి. ఆ ఏర్పాట్లు మాట్లాడి పోదామని వచ్చి, అప్పుడే బస్సు దిగాడు. పిల్లగాడు ఫ్యాక్టరీలో నౌకరి చేస్తున్నాడనే ఈ సంబంధం ఒప్పుకున్నారు. లింగస్వామి సగం చాయ్ అక్కడే వదిలేసి, నేరుగా కేంద్రానికి వచ్చాడు.

"గిరి అనే పిల్లగానికి నౌకరి ఉన్నదా మేడం, లేదా?" అని గడపలోనే నిలబడి అడిగాడు.

"ఒకరి వివరాలు ఇంకొకరికి చెప్పకూడదండీ," అంది నిహారిక.

"ఉంటే ఉన్నదనండి, లేకుంటే లేదనండి. గింతల దాయవెట్టుడు ఏమున్నది?"

"చెప్పే వీలు లేదండీ."

శైలజ కుర్చీలోంచి లేచింది. "ఉన్నది కాకా. నేనే పెట్టిచ్చిన. నా మాట నమ్ము."

"మరి ఆమె ఎందుకు చెప్తలేదు?"

తండ్రే లేదన్నాడని చెబితే సంబంధం ఇంకా చెడుతుందని శైలజ ఆగిపోయింది. పరిస్థితి చక్కదిద్దుదామని రఘుపతి నోరు తెరిచాడు. "ఏం లేదు పెద్దమనిషి. రికార్డుల నౌకరి లేదు గాని, పిల్లగాడైతే బంగారం."

లింగస్వామి ఆయన్ను ఎగాదిగా చూసి, వచ్చిన దారినే బస్టాండుకు పోయాడు. బస్సులోంచి ఐలేశానికి ఫోను చేశాడు. "బావా, ఆదివారం పూలుపండ్లు ఇప్పుడొద్దు. సర్కారు రికార్డుల మీ పిల్లగానికి నౌకరి లేదట. రికార్డుల చూపెట్టు, అప్పుడు మాట్లాడుకుందం," అని పెట్టేశాడు.

మంగళవారం శైలజ కేంద్రం తాళం తీసేసరికి ఐలేశం మెట్ల మీద ఉన్నాడు. పక్కన గిరి, నీలిరంగు ఫ్యాక్టరీ చొక్కా వేసుకుని, మెడలో గుర్తింపు కార్డు తగిలించుకుని నిలబడ్డాడు. రాత్రి డ్యూటీ చేసి నేరుగా వచ్చినట్టున్నాడు, కళ్ళు మూతలు పడుతున్నాయి.

"ఎందుకట్ల జెప్పినవ్ కాకా?" అంది శైలజ.

"నాకేమెరుక బిడ్డా. సర్కారన్నది, జీతమన్నది. గా రెండు మాటలు ఒక్కతాన ఇనవడ్డంక నోట్లెకెల్లి లేదనే వస్తది. ఇంకో మాట రానే రాదు."

"నువ్వు లేదన్నందుకు నా నౌకరి పోయేటట్టున్నది. ఎరుకనా?"

ఐలేశం బిత్తరపోయాడు. "నా కొడుక్కి నౌకరి లేదంటే నీ నౌకరెట్ల పోతది?"

శైలజ రూపాయి లెక్కంతా విడమర్చి చెప్పింది. రేషన్ కార్డుకూ దీనికీ ఏ సంబంధమూ లేదని ఒట్టేసింది. ఐలేశం విని, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. కార్డు కాపాడుకుందామని ఆడిన మాటకు అటు కోడలు చేజారిపోతోంది, ఇటు కొడుక్కి దారి చూపించిన ఆడపిల్ల వీధిన పడేలా ఉంది. ఆయనకు నిజంగానే సిగ్గేసింది. "గురువారం నేనే ముంగట ఉంట," అన్నాడు. "ఎవలెవల్నడిగిన్రో వాళ్ళనందర్ని తోలుకొస్త. ఫికర్ చెయ్యకు."

అక్కడితో ఆగితే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు. ఐలేశం మాట మీద నిలబడే మనిషి. ఆ రెండు రోజులూ గొర్రెల్ని తమ్ముడికి అప్పగించి, కనబడిన ప్రతివాడికీ తన గోడు వెళ్ళబోసుకున్నాడు. రూపాయి లెక్క ఆయనకే సరిగ్గా ఎక్కలేదు కాబట్టి అది చెప్పలేదు. తనకు బాగా అర్థమైన ముక్క చెప్పాడు. "గా ఆఫీసుల నౌకరి ఉన్నదని రాయించుకోకుంటే పిల్లనిస్తలేరు." ఇది ఊళ్ళు దాటిపోయింది. ఇంటికో పెళ్ళికాని కొడుకున్న ఊళ్ళు అవి. కార్డు ముఖ్యమా, కోడలు ముఖ్యమా అని మొగవాళ్ళు అరుగుల మీద తర్జనభర్జన పడుతుంటే, లోపల ఆడవాళ్ళు తేల్చేశారు. బియ్యం రాకపోతే జొన్నరొట్టె తిని బతకొచ్చు, ముప్పై ఏళ్ళ కొడుకును లగ్గం లేకుండా ఇంట్లో పెట్టుకుని బతకలేమన్నారు.

గురువారం నిహారిక కారు కేంద్రం దగ్గరికి రాలేకపోయింది. రోడ్డు మీదే దిగి, జనంలోంచి దారి చేసుకుని లోపలికి వచ్చింది. వరుస పంచాయతీ ఆఫీసు దాకా ఉంది. అన్నమాట ప్రకారం మొదట్లో ఐలేశం, వెనక గిరి. కళ్ళారా చూడాలని లింగస్వామి కూడా వచ్చి ఫ్యాను కింద కూర్చున్నాడు.

"మా వానికి నౌకరి ఉన్నది," అన్నాడు ఐలేశం, లింగస్వామికి వినపడేలా. "గీ శైలజమ్మనే పెట్టిచ్చింది. జీతం ఇరవై అయిదు వేలు."

"బాపూ, పద్నాలుగే గదా," అన్నాడు గిరి మెల్లగా.

"నువ్వు ఊకో. ఓటీ గీటీ కలిపి."

లింగస్వామి మొహం విప్పారింది. నిహారిక ఇరవై అయిదు అని కొట్టింది. గిరి వెనక నిలబడ్డ పెద్దమనిషికి ఇదంతా స్పష్టంగా వినిపించింది. ఐలేశం కొడుక్కే ఇరవై అయిదైతే తన కొడుక్కి అంతకన్నా తక్కువ చెప్పడం బాగుండదనుకున్నాడు. ముప్పై అన్నాడు. ఆయన వెనకాయన ముప్పై అయిదన్నాడు. ఉద్యోగాలు కూడా వరుసతోపాటే పెరిగాయి. పొద్దున హెల్పర్లు, కాపలాదార్లు వచ్చారు. మధ్యాహ్నానికి సూపర్‌వైజర్లు వచ్చారు. ఎండ తగ్గేసరికి మేనేజర్లు తప్ప ఇంకెవరూ రావడం లేదు. అందరూ శైలజమ్మే పెట్టించిందని ఒకటే మాట మీద ఉన్నారు, ఎందుకంటే మొదట ఐలేశం అలా అన్నాడు.

నాగరాణి అనే అవ్వ కర్ర పోటేసుకుంటూ వచ్చి బల్ల పట్టుకుంది. "మా మనుమనికి నౌకరి రాయి బిడ్డా."

"ఏం పని చేస్తాడవ్వా?" అంది నిహారిక.

"వాడేం జేస్తడు, తిని పంటడు. నువ్వు రాస్తెనే పిల్లనిస్తరట."

"పని చేయకపోతే రాయకూడదవ్వా."

అవ్వ లోపలా బయటా చూసి, గొంతు సవరించుకుంది. "అయితే కలెక్టరాఫీసుల పనిజేస్తడు."

"ఇప్పుడే కదా, ఏం చెయ్యడన్నారు."

"గప్పుడు నాకు యాదికి లేదు."

ఇదంతా వింటూ కూర్చున్న లింగస్వామికి కొత్త బెంగ పట్టుకుంది. అటువైపు పిల్లగాడికి సర్కారు రికార్డులో ఇరవై అయిదు వేలుంటే, ఇటువైపు పిల్లకు రికార్డే లేకపోతే మాట పడాల్సి వస్తుంది. లేచి వచ్చి, "మా భాగ్యలక్ష్మి పేరు గూడ రాయండి. టీచరు," అన్నాడు. శైలజ ఆయన వైపు చూసింది. ఆయన ఫ్యాను వైపు చూశాడు.

మొదటి పది మంది వచ్చినప్పుడు శైలజకు సంతోషంతో కళ్ళు చెమర్చాయి. వాళ్ళు నిజంగా తను పెట్టించినవాళ్ళు. గ్లోరీ వచ్చింది, విజేందర్ వచ్చాడు, సోమవారం అలా చెప్పినందుకు ఇద్దరూ తలవంచుకుని మన్నించమన్నారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళలో చాలామందిని ఆమె జన్మలో చూడలేదు. అబద్ధం తన పేరు మీద జమవుతోంది. కాదంటే తన అన్నం పోతుంది. సాయంత్రం దాకా ఊరుకుంది, ఇక ఊరుకోలేక నిహారిక దగ్గరికి పోయింది.

"మేడం, వీళ్ళల్ల సగం మంది అబద్ధం చెప్తున్నరు. గవి తీసెయ్యండి."

నిహారిక లాప్‌టాప్ మీది నుంచి చేతులు తీసి, ఓపిగ్గా చెప్పింది. "సోమవారం అందరూ లేదన్నారు. అదీ అబద్ధమే అని మీరే అన్నారు. కానీ నేను రాసుకున్నాను. ఇవాళ ఉందంటున్నారు. ఇవాళ మాత్రం నమ్మను అంటే ఎట్లా శైలజ గారూ? పద్ధతి ఒక్కటే ఉండాలి కదా."

శైలజ వెనక్కి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. రాత్రి పరశురాములుకు చెబితే, "నువ్వు చెప్పాల్సింది చెప్పినవ్, ఇగ పండుకో," అన్నాడు. ఆమెకు నిద్ర పట్టలేదు గాని, మనసులో ఒక మూల ఆశ కూడా ఉంది. ఉండదా మరి.

లెక్క తేలింది. రూపాయికి నూట నలభై రూపాయలు. రాష్ట్రంలో ఇంతవరకు ఎక్కడా రాని అంకె అని పైఆఫీసులో అనుకున్నారట. అక్కడి నుంచి కమలాకర్ అనే పెద్దాఫీసరు రఘుపతికి ఫోను చేసి అభినందించాడు. రఘుపతి ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెమట కనపడకుండా ఫ్యాను కింద బల్ల మీద కూర్చుని ఫొటో దిగాడు. "అంత సార్ చలువనే," అంది బిక్షమ్మ, బయటికి పోయి నవ్వింది. పూలుపండ్లు ఘనంగా జరిగాయి. ఒక్క రేషన్ కార్డు కూడా పోలేదు. శైలజ చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది.

ఆ తర్వాతి వారం కమలాకర్ మళ్ళీ ఫోను చేశాడు. రఘుపతి ఫోను చెవికి పెట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోయాడు.

"మూసేయాలంటున్నరు," అన్నాడు పెట్టేశాక.

"రూపాయికి నూట నలభై వచ్చింది గద సార్," అంది శైలజ.

"అదే అడిగిన. మీ మండలంల అందరికి నౌకరీలు దొరికినయ్ గదా రఘుపతీ, నిరుద్యోగి ఒక్కడు లేడు, ఇగ కేంద్రం దేనికి అన్నడు. కొత్త జాగల పెడతరట. నన్ను జిల్లాకు పంపుతరు కావచ్చు."

ఈసారి ఏసీ సంగతి ఆయన మనసులోకి రాలేదు. శైలజ మొహం చూస్తే వచ్చే పరిస్థితి లేదు. ఆమె వెనక నీళ్ళ డ్రమ్ము దగ్గరికి పోయి ఏడ్చింది. నౌకరీలు ఇప్పించలేదంటే పోయేదే, ఇప్పించావన్నా పోయింది. ఇక తను ఏం చేసుంటే నిలబడేదో ఆమెకు తోచలేదు. బిక్షమ్మ వచ్చి ఏమీ మాట్లాడకుండా పక్కన నిలబడింది. ఆమె మాట్లాడకుండా ఉండడం అదే మొదటిసారి.

మూసివేత ఉత్తర్వు కాగితం మీద రావడానికి ఇంకొన్ని రోజులు పట్టింది. అది వచ్చిన రోజే, ఇన్నాళ్ళకు, మారయ్య నిచ్చెన భుజాన వేసుకుని ఫ్యాను జరపడానికి వచ్చాడు. రఘుపతి ఉత్తర్వు బయటికి చదివాడు. మొదటి పేజీలో పొగడ్తలు, రెండో పేజీలో మూసివేత. మూడో పేజీలోకి వచ్చేసరికి ఆయన చదవడం ఆపి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

మూసేసే ముందు, ఉద్యోగం ఉందని నమోదైన ప్రతి ఒక్కరి దగ్గరా యజమాని ఇచ్చిన ధ్రువపత్రం తీసుకోవాలి. పత్రం లేనివాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళను నిరుద్యోగులుగానే భావించి, తగిన ఉద్యోగం చూపించి, ఆ పత్రం కూడా జతపరచాలి. ఈ పని ముగిసేదాకా ఉన్న సిబ్బందే కొనసాగాలి. అవుట్‌సోర్సింగ్ వాళ్ళ కాంట్రాక్టు కూడా మూడు నెలలకని కాకుండా, మూసివేత పూర్తయ్యే వరకు పొడిగించడమైనది. అంతవరకు కేంద్రంలోని ఆస్తులేవీ ఉన్నచోటి నుంచి కదపకూడదు.

"ఆస్తులంటే?" అన్నాడు మారయ్య, నిచ్చెన మీది నుంచి.

రఘుపతి పైకి చూశాడు. ఆఫీసులో ఆస్తి అనదగ్గది అదొక్కటే. "దిగు," అన్నాడు.

శైలజ ఆ కాగితాన్ని తీసుకుని తనే ఒకసారి చదువుకుంది. మూడో పేజీ మళ్ళీ చదివింది. ఆ తర్వాత కుర్చీ జరుపుకుని, ఫోన్ తీసింది.

వారం తిరగకముందే జనం రావడం మొదలైంది. మేనేజర్లు, సూపర్‌వైజర్లు, ఓటీ గీటీ వాళ్ళు, అందరూ తలలు వంచుకుని వచ్చారు. లగ్గాలు కుదిరాయి, అత్తగారివైపు వాళ్ళు ధ్రువపత్రం చూపించమంటున్నారు, జర ఏదన్నా నౌకరి చూడమని శైలజను బతిమాలుకున్నారు. శైలజ వాళ్ళను తిట్టింది, చొక్కాలు సరిచేసుకొమ్మంది, బస్సెక్కించి పంపింది. నాగరాణి అవ్వ మనవడు కలెక్టరాఫీసులో కాదు గాని ఒక గోదాములో లెక్కలు రాసే పనికి కుదిరాడు. మొదటిరోజే మధ్యాహ్నం పడుకున్నాడని కబురొచ్చింది. శైలజ ఫోనులోనే చీవాట్లు పెట్టింది. ఇప్పుడు లేచే ఉంటున్నాడట.

మొన్న ఒక కొత్త పెళ్ళికూతురు వచ్చింది. మెళ్ళో పసుపు ఇంకా ఆరలేదు. గడపలో నిలబడి లోపలికి తొంగిచూసి, "గీ ఆఫీసు మూసేసిన్రన్నరు గదక్కా?" అంది.

"మూస్తున్నం," అంది శైలజ. "రా, కూసో."

"నా పేరు భాగ్యలక్ష్మి. గిరి భార్యను. మా మేనమామ నన్ను టీచరని రాయించిండట. బీఏ అయింది గాని నేనేడ పంతులమ్మను గాలేదు. నాకు నిజంగనే చెయ్యాలని ఉన్నదక్కా. జర నౌకరి చూస్తవా?"

శైలజ ఆమెను ఫ్యాను కింద బల్ల మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఏమేం చదివిందో అడగడం మొదలుపెట్టింది. అవతల గోడవారన రఘుపతి దస్తీతో మెడ తుడుచుకుంటూ, మూసివేత పురోగతి మీద పైఆఫీసుకు నెలవారీ నివేదిక రాస్తున్నాడు.

మూసివేత పనుల నిమిత్తం ఆ కేంద్రాన్ని ఇప్పటికీ రోజూ పదిన్నరకు తెరుస్తున్నారు.